క్షమించమంటున్నారు సరే, బాకీ ఎంతో ఎవరు చదివారు?

అమ్మా, వందనాలు.

మీరు రాసినది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతలో ముందు క్లుప్తంగా చెబుతాను, తప్పుంటే దిద్దండి. పలాస దగ్గర మీ నాన్నగారికి మూడెకరాల జీడితోట ఉండేది. మీరూ మీ అన్నయ్యా ఇద్దరే పిల్లలు. నాన్నగారు వీలునామా రాయకుండానే కన్నుమూశారు. పాసుపుస్తకం మార్పించాలంటూ అన్నయ్య తెచ్చిన కాగితాల మీద మీరూ అమ్మగారూ సంతకాలు పెట్టారు. అవి హక్కు వదులుకుంటున్నట్టు రాసిన పత్రాలని రెండున్నరేళ్ల క్రితం తెలిసింది. ఆనాటి నుంచి మీరు ప్రభు బల్లలో, అంటే గుడిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచరణలో, చేయి వేయడం లేదు. మొన్నటి ఉజ్జీవ కూటాల్లో అన్నయ్య వేదిక ఎక్కి, వెక్కి వెక్కి ఏడ్చి, తన పాపాలన్నీ ప్రభువు క్షమించాడని సాక్ష్యం చెప్పారు. తోట మాట మాత్రం ఎత్తలేదు. ఇప్పుడు ఆయనను సంఘ పెద్దగా తీసుకోబోతున్నారు. మీరు ముఖం తిప్పుకుంటున్నారని మీ సంఘ కాపరి అయ్యగారు మిమ్మల్ని పిలిచి, క్షమించనివారికి క్షమాపణ లేదనీ, పరిశుద్ధత లేకుండ ఎవడును ప్రభువును చూడడనీ చెప్పి పంపారు. అమ్మగారేమో "ఆడపిల్లవు, నువ్వే సర్దుకో" అంటున్నారు.

మీరు అడిగినవి మూడు. మనసు ఒప్పకపోతే నాకు రక్షణ లేనట్టేనా? క్షమిస్తే తోట వదిలేయాలా? కోపం ఉన్నంత కాలం నేను అపవిత్రురాలినేనా?

నేను ముప్పై నాలుగేళ్లు సంఘ కాపరిగా పనిచేసి దిగిపోయినవాడిని. బొబ్బిలి, పాలకొండ, టెక్కలి చుట్టుపక్కల పల్లెల్లోనే నా సేవంతా గడిచింది. ఆస్తి తగాదా లేని సంఘం ఒక్కటీ చూడలేదు. మీ అయ్యగారు మీకిచ్చిన జవాబు నాకు కొత్త కాదు, ఎందుకంటే ఆ జవాబే నేనూ చాలామందికి ఇచ్చాను. ఇప్పుడైతే ఇవ్వను.

ముందు మాటతో మొదలుపెడతాను, చిక్కు సగం అక్కడే ఉంది. 'క్షమ' అన్న సంస్కృత పదానికి ఓర్పు అని అర్థం. భూమికి కూడా క్షమ అని పేరు, తవ్వినా తొక్కినా భరిస్తుంది కనుక. మన ఇళ్లలో ఆడపిల్లను భూదేవితో పోల్చడం వెనుక ఉన్నది ఈ లెక్కే. అందువల్ల ఎవరైనా "క్షమించు" అంటే మన చెవికి అది "భరించు" అనే వినిపిస్తుంది. అయ్యగారు చెప్పిన క్షమించడమూ, అమ్మగారు చెప్పిన సర్దుకోవడమూ మీకు ఒకే మాటగా తోచి ఉంటాయి. సువార్తల్లో ఆ మాట వెనుక ఉన్న గ్రీకు క్రియకు విడిచిపెట్టడం, పోనివ్వడం అని అర్థం. అప్పు విడిచిపెట్టడానికీ అదే మాట. ప్రభువు నేర్పిన ప్రార్థన మత్తయి ఆరో అధ్యాయంలో ఎలా ఉందో మీకు కంఠతా వచ్చు: "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము." ఆదివారం ఆదివారం చెప్పి చెప్పి అందులో 'ఋణము' అని ఉన్న సంగతే మరిచిపోయాం.

అప్పు విడిచిపెట్టడం ఎలా ఉంటుందో నేను చిన్నప్పుడు కళ్లారా చూశాను. మాది రాజాం దగ్గర పల్లె. మా నాన్న గోగు పంట మీద ఆశతో ఊరి షావుకారు దగ్గర 300 రూపాయలకు నోటు రాశారు. రెండేళ్లు వరుసగా పంట పోయింది. మూడో ఏడు గడిచాక షావుకారు కబురు పెట్టారు. నాన్న నన్ను వెంటబెట్టుకొని వెళ్లారు, నాకప్పుడు తొమ్మిదేళ్లు. పిల్లవాడిని చూసైనా నాలుగు మాటలు తగ్గిస్తాడని కాబోలు. షావుకారు పెట్టె తెరిచి, కాగితాల కట్ట విప్పి, మా నోటు వెతికి తీసి, కళ్లజోడు పెట్టుకున్నారు. తేదీ చదివారు. నాన్న పేరు, తాత పేరు చదివారు. అసలు 300. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ చొప్పున మూడేళ్లకు 216. వెరసి 516. నాన్న కండువా చేతిలో నలుపుకుంటూ నిలబడ్డారు. షావుకారు కలం తీసి, నోటు మీద అడ్డంగా "చెల్లు" అని రాసి, సంతకం పెట్టి, స్టాంపు చింపి, ఆ కాగితం నాన్న చేతిలో పెట్టారు. నాన్న కళ్లలో నీళ్లు తిరిగింది చెల్లు రాసినప్పుడు కాదు, 516 అన్నప్పుడు. ఇంటికొచ్చాక అమ్మ దెప్పింది, వదిలేసేవాడు ఆ చదవడం దేనికి, నలుగురిలో పరువు తీయడానికా అని. నాన్న అన్నారు: "చదవకపోతే ఎంత వదిలాడో నాకెలా తెలుస్తుందే?"

కొలస్సయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం చదివినప్పుడల్లా నాకు ఆ పెట్టె గుర్తొస్తుంది. మనకు విరోధంగా ఉన్న ఋణపత్రాన్ని దేవుడు మేకులతో సిలువకు కొట్టాడని పౌలు రాశాడు. పత్రం లేదనలేదు, అంకె తప్పని అనలేదు. అందరికీ కనబడేలా పైన కొట్టాడు.

ఇక మీ మొదటి ప్రశ్న. అయ్యగారు మనసులో పెట్టుకొని చెప్పింది మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలోని దాసుడి కథ అయి ఉంటుంది. రాజుకు పదివేల తలాంతులు బాకీపడ్డ దాసుడు, రాజు దాన్ని విడిచిపెట్టాక బయటికి వచ్చి, తనకు నూరు దేనారాలు బాకీపడ్డ తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు. ఈ కథ మీద ప్రసంగం చేసే ప్రతివారూ ఆ నూరు దేనారాలను చిల్లర డబ్బుగా చెబుతారు. నేనూ చెప్పాను. అది తప్పు. ఒక దేనారం కూలివాడి ఒక రోజు కూలి అని అదే సువార్త ఇరవయ్యో అధ్యాయంలో ఉంది. నూరు దేనారాలంటే మూడు నెలలకు పైగా చేసిన రెక్కల కష్టం. మన కూలీ ఇంట్లో మూడు నెలల డబ్బు పోతే పిల్లల బడి మానుకుంటుంది, ఇల్లాలి చెవికమ్మలు తాకట్టుకు పోతాయి. ప్రభువు మీ నష్టాన్ని చిన్నది చేసి మాట్లాడలేదు. రెండో వైపు అంకెను మాత్రం ఊహకు అందనంత పెంచాడు. ఒక తలాంతు సుమారు ఆరు వేల దేనారాలు. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి మూడు వందల రోజులు పనిచేసినా రెండు లక్షల ఏళ్లు పడుతుంది. మీ వాటాకు రావలసిన ఎకరం తోటను దేవుడు తక్కువ చేసి చూడడం లేదు. మీరూ నేనూ ఆయనకు పడ్డ బాకీ పక్కన పెట్టి చూడమంటున్నాడు.

ఆ దాసుడి మీద రాజుకు కోపం వచ్చింది అతనికి మనసులో బాధ ఉన్నందుకు కాదు. గొంతు పట్టుకున్నందుకు, చెరసాలలో వేయించినందుకు. మీరు మీ అన్నయ్య గొంతు పట్టుకున్నారా? ఆయన పిల్లలకు చెడు జరగాలని కోరుకుంటున్నారా? ఆయన తోట ఎండిపోతే సంతోషిస్తారా? ఈ మూడింటికీ జవాబు మీకే తెలుసు, నాకు చెప్పనక్కర్లేదు. అవునంటే అక్కడ చేయి సడలించాలి, తప్పదు. క్షమించనివారిని గురించి ప్రభువు చెప్పిన హెచ్చరిక నిజమైనదే, దాన్ని పలచన చేసి మీకు ఊరట కలిగించడం నా వల్ల కాదు. కానీ క్షమాపణ అనుభూతి కాదు. దేవుని ఎదుట చేయి వదలడం అది. మార్కు పదకొండో అధ్యాయంలో, ఎవరి మీదనైనా విరోధం ఉంటే నిలబడి ప్రార్థన చేసేటప్పుడే వారిని క్షమించమని ఉంది. అక్కడ ఎదుటి మనిషి లేడు. అతను అడిగే వరకు ఆగమనీ లేదు. మీ గదిలో మీరొక్కరే చేయగల పని అది.

ఎలా చేయాలని అడుగుతారేమో. షావుకారు చేసినట్టే. ఒక తెల్లకాగితం తీసుకోండి. ఏమేమి పోయిందో రాయండి. ఎకరం తోట. రెండున్నరేళ్ల జీడిపిక్కల రాబడి. నమ్మి పెట్టిన సంతకం. అమ్మగారు మీ వైపు ఒక్క మాటైనా మాట్లాడకపోవడం. అందరూ "హల్లెలూయా" అంటుంటే వెనక వరుసలో కూర్చొని ఆ సాక్ష్యం వినవలసి రావడం. ఇది కూడా రాయండి, నా ఉద్దేశంలో మీకు అన్నిటికన్నా ఎక్కువ తగిలింది ఇదే. పైకి చదవండి, దేవుడు వింటాడు. కీర్తనలు రాసినవారు ఇంతకన్నా ఘాటైన మాటలు చదివారు, నూట తొమ్మిదో కీర్తన తీసి చూడండి. చదివాక, దీనికి పగ తీర్చుకునే హక్కును విడిచిపెడుతున్నానని ఆయనతో చెప్పండి. తెల్లవారి లేచేసరికి కోపం మళ్లీ వచ్చి మంచం పక్కన కూర్చొని ఉంటుంది. అప్పుడు నిన్న చేసినది అబద్ధమని అనుకోకండి. మళ్లీ చెప్పండి. ఎన్నిసార్లు క్షమించాలని అడిగితే ప్రభువు చెప్పిన ఏడు డెబ్బదుల మారులు అన్నది కొత్త కొత్త తప్పులకేనని కుర్రతనంలో అనుకునేవాడిని. ఒకే తప్పుకు కూడా అన్నిసార్లు కావలసి వస్తుందని తర్వాత తెలిసింది.

ఇప్పుడు పరిశుద్ధత. మీ మూడో ప్రశ్న ఇదే. నాకు చెప్పాలని ఎక్కువగా ఉన్నదీ దీని గురించే.

మన వైపు సంఘాల్లో పరిశుద్ధత అంటే మానేసిన వాటి పట్టీ. సారా మానేశాడు, జాతరకు వెళ్లడం మానేశాడు, సినిమా మానేశాడు, ముసలమ్మ అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకొని తాగడం) మానేసింది. మంచిదే, సారా మానిన ఇంట్లో పొయ్యి వెలగడం నేను చూశాను. కానీ ఆ పట్టీలో అక్కాచెల్లెళ్ల వాటా ఎగ్గొట్టడం మానేసినవాడు అన్న గడి ఎక్కడా కనబడదు. లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయం తీయండి. మొదట్లోనే, మీ దేవుడు పరిశుద్ధుడు కనుక మీరూ పరిశుద్ధులై ఉండాలని ఉంది. ఆ తర్వాత వచ్చేవి చూడండి: పొలం గట్ల వార పంటను బీదలకు వదలడం, కూలివాడి కూలిని రాత్రంతా మన దగ్గర ఉంచుకోకపోవడం, చెవిటివాడిని తిట్టకపోవడం, తూకం రాళ్లు సరిగా ఉండడం. వాటి నడుమ పదిహేడో వచనం: "నీ హృదయములో నీ సహోదరుని మీద పగపట్టకూడదు, నీ పొరుగువాని పాపము నీ మీదికి రాకుండునట్లు నీవు తప్పక వానిని గద్దింపవలెను." పగ వద్దు, గద్దింపు తప్పదు. రెండూ ఒక్క ఊపిరిలో ఉన్నాయి. మీకు మొదటి సగమే చెప్పి పంపారు.

అయ్యగారు చెప్పిన హెబ్రీ పత్రిక వచనం కూడా పూర్తిగా చదవండి. "అందరితో సమాధానమును పరిశుద్ధతయు కలిగియుండుటకు ప్రయత్నించుడి" అని మొదలవుతుంది అది. సమాధానాన్నీ, అంటే సఖ్యతనూ, పరిశుద్ధతనూ ఆ పత్రిక రాసినవాడు ఒక కాడికి కట్టాడు. ఆ తర్వాతి వచనంలోనే చేదైన వేరు మొలిచి అనేకులను అపవిత్రులను చేస్తుందన్న మాట ఉంది. ఆ వేరు మీలో ఉండవచ్చు, నేను కాదనను, రెండున్నరేళ్లు చిన్న కాలం కాదు. అయితే ఆ వేరు ఏ గట్టున మొలిచిందో కూడా చూడాలి. మోసం మీద మట్టి కప్పి పైన సాక్ష్యం నాటితే అడుగున మొలిచేది అదే.

కోపం వస్తే అపవిత్రురాలినా అన్నారు. "కోపపడుడి గాని పాపము చేయకుడి" అని ఎఫెసీ పత్రికలో పౌలు రాశాడు. పొద్దుగుంకే వరకు దాన్ని నిలుపుకోవద్దనీ ఆ వెంటనే అన్నాడు. కోపాన్ని ఎవరి దగ్గరికి తీసుకెళ్లాలన్నదే ప్రశ్న. దేవుని దగ్గరికి తీసుకెళితే అది ప్రార్థన అవుతుంది. స్త్రీల సమాజం కూడికలో పక్కనున్నామె చెవిలో వేస్తే ఊరంతా తిరిగి వస్తుంది.

పొందూరు మీ జిల్లాలోదేగా. ఖద్దరు వడికే ఇళ్లకు ఎప్పుడైనా వెళ్లారా? వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతారు. దవడకు సన్నని పళ్లుంటాయి, అరచేతిలో ఇమిడిపోయే దువ్వెన. ఒకావిడ గుమ్మంలో కూర్చొని, గింజకు అంటుకున్న పత్తిని చిటికెడు చిటికెడుగా పట్టుకొని ఆ పళ్లతో దువ్వుతుంటే నేను అరగంట చూశాను. నలుసు, ఎండు ఆకు ముక్క అన్నీ ఆ పళ్లకు చిక్కుకుంటున్నాయి. ఆమె ఎదుట అరగంటకు పోగుపడింది పిడికెడు. "ఇంత నెమ్మదా అమ్మా?" అంటే నవ్వి, "తొందరపడితే పోగు తెగుతుంది అయ్యా" అంది. పత్తి తెల్లగా లేదని ఆమె దాన్ని అవతల పారేయలేదు. అది తన పత్తి, తన ఒడిలో ఉంది, అందుకే దువ్వుతోంది. కొరింథు సంఘాన్ని పౌలు పత్రిక మొదట్లోనే పరిశుద్ధులని పిలిచాడు. ఆ సంఘమే ఆరో అధ్యాయంలో ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కిన సంఘం. 1517లో మతసంస్కర్త మార్టిన్ లూథర్ తన 95 వాదాల్లో మొదటిదానిలోనే విశ్వాసి జీవితమంతా మారుమనస్సుగా ఉండాలని రాశాడు. అంటే ఒక రాత్రి కూటంలో ముగిసే వ్యవహారం కాదు. ఈ మాట మీకూ పనికొస్తుంది, మీ అన్నయ్యకూ పనికొస్తుంది.

అన్నయ్య సంగతికి వస్తాను. ఆయన ఏడుపు అబద్ధమని నేను అనను. మనుషులు నిజంగా ఏడుస్తారు, నిజంగా మరిచిపోతారు కూడా. కానీ సువార్తలోని సుంకం వసూలుదారు జక్కయ్య కథ గుర్తుచేసుకోండి. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానని అతను అన్న తర్వాతే, ఈ ఇంటికి నేడు రక్షణ వచ్చిందని ప్రభువు పలికాడు. డబ్బుతో రక్షణ కొన్నాడని కాదు, వచ్చిన రక్షణ చేతిసంచి దాకా వచ్చిందని. సంఖ్యాకాండం అయిదో అధ్యాయంలో ధర్మశాస్త్రం ఇంకా సూటిగా చెబుతుంది: చేసిన పాపం ఒప్పుకొని, నష్టం పూర్తిగా కట్టి, దానికి అయిదో వంతు కలిపి, ఎవరికి అన్యాయం జరిగిందో వారికే ఇవ్వాలి. అన్యాయం జరిగిన మనిషిని దాటేసి నేరుగా దేవుని దగ్గర రసీదు తెచ్చుకునే దారి అక్కడ లేదు. కథోలిక సోదరుల పాపసంకీర్తనంలో గురువు ప్రాయశ్చిత్తం విధిస్తారు, దొంగిలించినది తిరిగి ఇవ్వాలని చెబుతారు. మన బాప్టిస్టులం దాన్ని వదిలేసి, దాని చోట ఏమీ పెట్టుకోలేదని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఇంకొకటి. కొండమీది ప్రసంగంలో, బలిపీఠం దగ్గర అర్పణ వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నది ఎవరిని? నీ మీద నీ సహోదరునికి విరోధమేమైనా ఉందని గుర్తొస్తే, అని ఉంది అక్కడ. అంటే బాకీపడ్డవాడిని. మీ సంఘంలో అది తలకిందులైంది. బాకీపడ్డవారు బల్ల దగ్గర ఉన్నారు, బాకీ రావలసినవారు బయట కూర్చున్నారు. వచ్చే బల్ల ఆదివారం మీరు వెళ్లి తీసుకోండి. చేతులు వణికినా తీసుకోండి. ఎవరూ కాదనరు. ఎవరైనా కాదంటే నా మాటగా చెప్పండి.

తోట విషయంలో నేను వకీలును కాను, నాకు తెలిసినంత వరకు చెబుతాను. క్రైస్తవ కుటుంబంలో వీలునామా లేకుండా భర్త పోతే, 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు, మిగిలినది పిల్లలకు సమానంగా. కొడుకు, కూతురు అన్న తేడా లేదు. మీ లెక్కలో అమ్మగారికి ఎకరం, అన్నయ్యకు ఎకరం, మీకు ఎకరం. మోసంతో రాయించుకున్న పత్రాన్ని రద్దు చేయమని దావా వేయాలంటే, సంగతి తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోపు వేయాలి. మీకు తెలిసి రెండున్నరేళ్లు దాటింది. ఇప్పుడు దీనికి మించిన తొందర పని లేదు. స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది, శ్రీకాకుళంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి అడగండి. పత్రాల నకళ్లు వెంట తీసుకెళ్లండి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ తీర్పు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఇంటి గుట్టు వీధిన పడేదీ తక్కువ.

విశ్వాసులు కోర్టుకు వెళ్లకూడదని మీకు చెప్పేవారుంటారు, కొరింథు మొదటి పత్రిక ఆరో అధ్యాయం చూపిస్తారు. దానికంటే అన్యాయం సహించడం మేలు కాదా అని అందులో ఉన్న మాట నిజమే. అయితే దానికి ముందున్నది చదవరు: సహోదరుల మధ్య తగవు తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని పౌలు సంఘాన్ని సిగ్గుపరిచాడు. దాని తర్వాతదీ చదవరు: మీరే అన్యాయం చేస్తున్నారు, అదీ సహోదరులకే, అని. నడిమి వచనం నష్టపోయినవారికి వినిపించి, చివరి వచనం నష్టపెట్టినవారికి వినిపించకుండా దాచే బోధకులను నేను చాలామందిని చూశాను, అద్దంలో కూడా చూశాను. కనుక ముందు సంఘానికి ఒక అవకాశం ఇవ్వండి. మీ సంఘం కాని వేరే సంఘం నుంచి ఇద్దరు పెద్దలను, వీలైతే వారిలో ఒకరు స్త్రీ అయ్యేలా, మధ్యవర్తులుగా కూర్చోమనండి. నెల రోజులు గడువు పెట్టండి, అంతకు మించి వద్దు, పైన చెప్పిన మూడేళ్లు ఎవరి కోసమూ ఆగవు. అయ్యగారితో మర్యాదగానే ఒక మాట చెప్పండి: సంఘ పెద్ద నిందారహితుడై ఉండాలని తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో ఉంది, ఈ తోట సంగతి తేలే వరకు ఆ నియామకం ఆపడం అన్నయ్యకే మేలు.

దావా వేస్తే క్షమించనట్టేనా? కాదు. పగను విడిచిపెట్టడం మీ చేతిలో ఉన్నది. తోట తిరిగి ఇవ్వడం ఆయన చేతిలో ఉన్నది. మొదటిది మీరు చేయండి, రెండోది అడగండి. అన్నీ తేలాక, మీ ఎకరం మీ పేరున పడ్డాక, అన్నయ్య ఇబ్బందుల్లో ఉన్నాడని మీకు అనిపించి అందులో సగం ఆయన పిల్లలకు రాసిస్తే అది మీ దాతృత్వం. మీది కాని దాన్ని మీరు దానం చేయలేరు కదా. అయినా ఆయన కలిసి రాకపోవచ్చు. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి" అన్నాడు పౌలు రోమా పత్రికలో. ఆ "శక్యమైతే" అన్న మాటకు నేను ఎంత ఋణపడి ఉన్నానో చెప్పలేను.

ఎందుకంటారా? విజయనగరం వైపు ఒక సంఘంలో పనిచేసేటప్పుడు కోత పండుగ నాడు కానుకగా వచ్చిన ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు వేలం వేశాం. వారం తర్వాత సంఘ పెద్ద ఒకాయన ఆరాధన ముగిసీ ముగియగానే లేచి, ఆ డబ్బు నేను తిన్నానని అందరి ముందు అన్నారు. తర్వాత లెక్క సరిపోయింది, రూపాయి తేడా లేదు. కానీ ఆ సంగతి లేచి చెప్పినవారు లేరు. ఆ ఏడే నన్ను వేరే ఊరికి మార్చారు. పదకొండేళ్లు ఆ ఊరి మీదుగా బస్సు వెళితే నేను అవతలి కిటికీ వైపు చూసేవాడిని. ఆ పదకొండేళ్లలో క్షమాపణ మీద ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. ఒకరోజు ఆయనకు పక్షవాతం వచ్చిందని తెలిసింది. బత్తాయిలు పట్టుకొని వెళ్లాను. నులక మంచం మీద ఉన్నారు, ఎడమ చేయి పొట్ట మీద పెట్టి ఉంది. యోగక్షేమాలయ్యాక, దారి పొడవునా బస్సులో నేర్చుకున్న మాట చెప్పాను: "అన్నా, ఆనాడు నువ్వన్న మాటను నేను క్షమించేశాను."

ఆయన నా వైపు చూసి, "ఏ మాట?" అన్నారు.

నిజంగానే గుర్తులేదు. వాళ్లావిడ టీ తెచ్చింది, తాగాను. కోత పండుగ సంగతి ఎత్తబోయి ఆగిపోయాను. ఎత్తితే దేనికి ఎత్తుతున్నానో నాకే అర్థమైంది. నేను చెల్లు రాయడానికి వెళ్లలేదు, వసూలుకు వెళ్లాను. ఆయన సిగ్గుపడాలి, ఏడవాలి, నేను ఆయనను లేవనెత్తాలి, అందరూ నా పెద్ద మనసు చూడాలి. పదకొండేళ్ల వడ్డీ అది. ప్రార్థన చేసి లేచాను. తిరుగు బస్సులో చీపురుపల్లి దాటాక మొదటిసారి ఆ పెద్దమనిషి పేరు పెట్టి, అంకె చదివి, దేవునితో నిజంగా మాట్లాడాను. అది ఆ రోజే అయిపోయిందని అనను. ఆయన పోయి చాలాకాలమైంది, ఇప్పటికీ గుమ్మడికాయ చూస్తే ఒకటి రెండుసార్లు మళ్లీ చెప్పుకోవలసి వస్తుంది.

మీ అన్నయ్య కూడా "ఏ తోట?" అనవచ్చు. ఆ మాటకు సిద్ధపడి వెళ్లండి. ఒంటరిగా వెళ్లకండి, మీవారినో, నమ్మకమైన మనిషినో వెంట తీసుకెళ్లండి. కాగితం చేతిలో ఉండనివ్వండి, గొంతు పెంచకండి. ఆయన ఒప్పుకుంటే అక్కడికక్కడే ఇద్దరి చేత రాయించి సంతకాలు పెట్టించండి. ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

వకీలు దగ్గరికి వెళ్లినప్పుడు అమ్మగారి ఎకరం సంగతి కూడా అడగండి. ఆమెకు ఇష్టమైతే ఆమెనూ తీసుకెళ్లండి. పాసుపుస్తకం కోసమని ఆవిడ చేత కూడా సంతకం పెట్టించారు కదా, ఆమెకు ఏమి పోయిందో ఆమెకు ఇంకా ఎవరూ చదివి వినిపించి ఉండరు.